128 బిట్ల ఇరుకుత్రోవ

ఆటలకు పనికివచ్చు గ్రాఫిక్స్ కార్డు నొకదానిని మధ్యరకపు ధరలో ఎన్నుకొనుట యెట్లని అడుగుచు ఇంజనీరింగు విద్యార్థి యైన పాఠకు డొకడు వ్రాసిన జాబులో, అసలు ప్రశ్నకంటె దాని కడపట సందేహరూపమున చేర్చిన వాక్యమే నన్నెక్కువగా ఆకర్షించినది. 2020 డిసెంబరులో వెలువడిన ఎన్విడియావారి ఆర్‌టీఎక్స్ 3060 టీఐ కార్డునకు మెమొరీ బస్ వెడల్పు 256 బిట్లు కాగా, 2023లో దాని స్థానమున వచ్చిన 4060 టీఐకిని, 2025లో వచ్చిన 5060 టీఐకిని ఆ వెడల్పు 128 బిట్లకే కుదించుకొనిపోయినదనియు, త్రోవ సగమైన వస్తువును క్రొత్త పేరుతో అమ్ముట వంచన యగునా కాదా యనియు అతని సందేహము. ఏ కార్డు కొనవలెనను ప్రశ్నకు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోని యే దుకాణదారుడైనను క్షణములో సమాధానము చెప్పి బిల్లు వ్రాసివేయగలడు. వంచన సంగతి మాత్రము అంత తేలికగా తేలునది కాదు. దానిని తేల్చబోయినవారికి ఆధునిక చిప్పుల నిర్మాణములోని మిక్కిలి రమ్యమైన ఘట్టమొకటి ఎదురగును. కావున మొదటి ప్రశ్నను కడపటికి నెట్టి, రెండవదానినే పట్టుకొందును.

ప్రాథమిక విషయములను వేగముగ దాటిపోవుదము. కార్డు నడుమనున్న చిప్పులో వేలకొలది గణనయంత్రములు కలవు. 5060 టీఐలో వాని సంఖ్య 4608. ఆటలోని గోడలకును, చెట్లకును, మనుష్యుల ముఖములకును పైపూతలైన టెక్స్చర్లు, సగము గీసిన చిత్రములు, నీడల పటములు మొదలైనవన్నియు ఆ చిప్పుచుట్టును అమర్చిన మెమొరీ చిప్పులలో నిలువయుండును. సెకనుకు 60 చిత్రములు గీయవలెనన్న ఒక్కొక్కదానికి దొరకు వ్యవధి సెకనులో 60వ వంతే గనుక, ఆ వ్యవధిలో సరకును చేరవేయు తీగెల సముదాయమగు బస్ యెంతటిదో దానినిబట్టియే యంత్రముల శక్తి సార్థకమగును. తీగెల సంఖ్యను, ఒక్కొక్క తీగెపై సెకనుకు పోవు బిట్ల సంఖ్యతో హెచ్చించి, 8చే భాగించినచో బైట్ల ప్రవాహము తేలును. 3060 టీఐలో 256 తీగెలు, తీగెకు 14 గిగాబిట్లు. సెకనుకు 448 గిగాబైట్లు. 4060 టీఐలో 128 తీగెలు, 18 గిగాబిట్లు, 288 గిగాబైట్లు. మూడవ వంతునకు మించి పడిపోయినది! 5060 టీఐలో తీగెలు 128యే గాని, రెండు స్పందనములలో మూడు బిట్లను పంపగల జీడీడీఆర్7 మెమొరీ వచ్చుటచే తీగెకు 28 గిగాబిట్లు పోవుచున్నవి. హెచ్చించి భాగించినచో తేలునది మరల 448. నాలుగేండ్లకు పైగా శ్రమించి, సగము తీగెలతో, తాము విడిచిపోయిన అంకెకే తిరిగి వచ్చిరన్నమాట.

తీగెల నసలు తగ్గింపవలసిన అవసర మేమి? లోభమని తొందరపడి చెప్పువారు చిప్పు అంచును మరచిపోవుచున్నారు. మెమొరీతో సంభాషించు విద్యుద్ద్వారములు చిప్పు అంచుల వెంబడినే యుండవలెను. ట్రాన్సిస్టర్లు తరతరమునకు సూక్ష్మమగుచున్నను, బయటి తీగెను కదలించు బలము కావలసిన ఈ ద్వారములు ఆ మేరకు సూక్ష్మములగుట లేదు. 3060 టీఐలోని చిప్పు వైశాల్యము 392 చదరపు మిల్లీమీటర్లు. 4060 టీఐలోనిది 190కి దరిదాపు. చిప్పు సగమైనపుడు అంచును తరిగిపోవును గదా! ఆ కొద్దిపాటి అంచుపై 256 తీగెలకు చోటు చేయవలెనన్నచో, లోపల చేయవలసిన పని లేకున్నను చిప్పును పెంచవలసివచ్చును. అదియునుగాక, ఒక బిట్టును కార్డుపైనున్న వేరొక చిప్పునుండి తెచ్చుటకు వ్యయమగు విద్యుత్తు, చిప్పులోపలనే కదలించుటకగు దానికంటె పెక్కు రెట్లు. 3060 టీఐ 200 వాట్లు త్రాగగా 4060 టీఐ 160తో సరిపెట్టుకొనుటలో, నవీన నిర్మాణవిధానముతోపాటు ఈ పొదుపునకును కొంత పాలు కలదు.

బయటి త్రోవను ఇరుకు చేసినవారు లోపల నొక గదిని కట్టిరి. ఆటల కార్డులలో ఈ యుపాయమును పెద్దయెత్తున ముందుగా ప్రయోగించిన కీర్తి ఏఎండీవారిది: 2020 నవంబరులో వచ్చిన రేడియాన్ 6800 ఎక్స్‌టీ చిప్పులోనే 128 మెగాబైట్ల క్యాష్‌ను ఉంచి, దానికి ఇన్ఫినిటీ క్యాష్ అని పేరిడిరి. ఎన్విడియావారు 3060 టీఐలో 4 మెగాబైట్లుగా నున్న ఎల్2 క్యాష్‌ను 4060 టీఐలో 32 మెగాబైట్లకు పెంచిరి. యంత్రమునకు కావలసిన బైట్లు క్యాష్‌లో దొరికినచో బయటికి పోవలసిన పని లేదు. దొరకనివి మాత్రమే ఇరుకుత్రోవను పట్టిపోవును. నూరు అభ్యర్థనలలో ఏబది క్యాష్‌లోనే తీరినయెడల 288 గిగాబైట్ల త్రోవ 576 గిగాబైట్ల త్రోవవలె ప్రవర్తించును. ఎన్విడియావారు 2023లో, క్యాష్ బయటి రాకపోకలను ఇంచుమించు సగము తగ్గించునని చెప్పి, 288కి బదులు 554 అను అంకెను ప్రకటించుటకు ఆధార మీ లెక్కయే. దీనిని పరిహసించినవా రనేకులు. పరిహాసము నాకు సమ్మతము కాదు, లెక్క నిర్దుష్టమైనదే. అయితే సగటు అను మాట వెనుక దాగినదానిని బయటికి లాగకుండ ఆ అంకెను నమ్మరాదు. 288 గిగాబైట్ల త్రోవ పాత 448తో సమానము కావలెనన్నచో నూటికి 36 అభ్యర్థనలైనను క్యాష్‌లో తీరవలెను. ఎప్పుడు తీరును, ఎప్పుడు తీరదు?

తెరను కొలిచి చూతము. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల యెత్తు గల తెరకు చుక్కకు నాలుగు బైట్ల చొప్పున ఒక పటమునకు 83 లక్షల బైట్లు కావలెను. 1440 వరుసల తెరకు ఒక కోటి 47 లక్షలు. 4కే తెరకు మూడు కోట్ల 32 లక్షలు. 32 మెగాబైట్ల క్యాష్‌లో పట్టు బైట్లో, మూడు కోట్ల 35 లక్షలు. అనగా 4కే తెరయొక్క ఒకే యొక్క పటము గదినంతను ఆక్రమించును. ఇప్పటి ఆటలో రంగుల పటము, దూరముల పటము, ఉపరితలముల వాలును తెలుపు పటము, కదలికల పటము, ఇవిగాక నీడల పటములును ఉండునపుడు ఆ గదిలో ఎవరికి చోటు?

ఇచ్చట నాకత్యంత ప్రియమైన సూక్ష్మమొకటి కలదు. చాలకాలము ముట్టుకొననిదానిని ముందు త్రోసివేయు నియమముగల క్యాష్ 32 మెగాబైట్లు పట్టుననుకొనుడు. 33 మెగాబైట్ల పటము నొకదానిని మొదటినుండి తుదివరకు చదివి, మరల మొదటికి వచ్చి చదువు పని యున్నదనుకొనుడు. 33లో 32 పట్టినవి గనుక చాలభాగము క్యాష్‌లో దొరకునని ఎవరైనను తలంతురు. దొరకునది సున్న! కడపటి మెగాబైటునకు చోటు చేయుటకై మొదటి మెగాబైటును త్రోసివేయుదురు. వెంటనే కావలసినది ఆ మొదటిదే. దానిని తిరిగి తెచ్చుటకు రెండవదానిని త్రోసివేయుదురు. తరువాత కావలసినది ఆ రెండవదే. ఇట్లు పటము తుదివరకు ప్రతి అభ్యర్థనయు విఫలమే. నిజమైన చిప్పులలోని నియమములు ఇంత మొరటువి గాకపోయినను, క్యాష్ కొంచెము చాలనపుడు కలుగు నష్టము కొంచెముగా నుండదను సంగతి మాత్రము నిలుచును. 1080 వరుసల తెరపై 3060 టీఐని మించిన 4060 టీఐ, 4కే తెరపై కొన్ని ఆటలలో దానికి వెనుకబడుటకు కారణ మిదియే.

కావున క్యాష్ యెంత యున్నదనుటకంటె ఏ క్రమమున చదువుదుమనునది ముఖ్యమగుచున్నది. తెరను చిన్నచిన్న పలకలుగా విభజించి, ఒక పలకలోని పనినంతను ముగించి మరియొక పలకకు పోయినచో, ఆ పలకకు సంబంధించిన బైట్లు క్యాష్‌ను విడువకుండగనే పని తీరిపోవును. ఎన్విడియావారు 2014 నాటి మాక్స్‌వెల్ తరమునుండి ఇట్లే గీయుచు, ఆ సంగతిని లోకమునకు చెప్పకయే యూరకుండిరి. 2016లో డేవిడ్ కాంటర్ అను విశ్లేషకుడు చిన్న ప్రోగ్రాముతో త్రిభుజములను గీయించి, గీయుటను నడుమ నాపి చూపగా, పాతతరము కార్డులో తెర అడ్డువరుసలుగా నిండుటయు, క్రొత్తదానిలో పలకలు పలకలుగా నిండుటయు ఎల్లరకు ప్రత్యక్షమైనవి. రహస్యము రెండేండ్లు దాగియుండి, ఇంత సులభోపాయముతో బయటపడుట నాకెంతో ముచ్చటగా తోచును.

ఇరుకుత్రోవకు లోగది కట్టు ఆలోచన అంతకు పూర్వమును లేకపోలేదు, ఉండియు దెబ్బతినినది. మైక్రోసాఫ్ట్‌వారు 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360లో 10 మెగాబైట్ల ప్రత్యేక మెమొరీ నుంచిరి. 720 వరుసల చిత్రమును అంచులు నునుపుచేసి గీయుటకు 28 మెగాబైట్లకు పైగా కావలసివచ్చుటచే, చిత్రమును మూడు ముక్కలుగా గీయవలసివచ్చెడిది. 2013 నాటి ఎక్స్‌బాక్స్ వన్‌లో 32 మెగాబైట్లిచ్చియు, బయటి మెమొరీని సెకనుకు 68 గిగాబైట్లకే పరిమితము చేసిరి. సోనీవారి ప్లేస్టేషన్ 4 ఏ లోగదియు లేక 176 గిగాబైట్ల రాజమార్గముతో వచ్చి, అనేకమైన ఆటలను 1080 వరుసలలో చూపుచుండగా, ఎక్స్‌బాక్స్ వన్ 900 వరుసలతో నిలిచిపోయెడిది. ఆ 32 మెగాబైట్లు క్యాష్ గాక, దేనిని లోపల నుంచవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే నిర్ణయింపవలసిన నిలువ; ఆ భారమును మనుష్యునిపై మోపుటయే మైక్రోసాఫ్ట్‌వారి దోషమని నా అభిప్రాయము.

దీనికి విరుద్ధమైన పొరపాటును చేసినవారును కలరు. 2007 మే నెలలో ఏఎండీ వెలువరించిన రేడియాన్ హెచ్‌డీ 2900 ఎక్స్‌టీకి 512 బిట్ల బస్; సెకనుకు ఇంచుమించు 106 గిగాబైట్లు. ఎన్విడియావారి 8800 జీటీఎక్స్‌కు 384 బిట్లు, 86 గిగాబైట్లు మాత్రమే. అయినను గెలిచినది అదియే. అదే సంవత్సరము నవంబరులో ఏఎండీవారే బస్‌ను 256 బిట్లకు తగ్గించి హెచ్‌డీ 3870ని తేగా, అది ఆ మహామార్గపు కార్డునకు దాదాపు సమానముగా పరుగెత్తినది. బిట్లను లెక్కపెట్టి కార్డును తూచువారు ఈ చరిత్రను చదువవలెను.

ఇంతవరకు క్యాష్‌ను స్తుతించితిని. క్యాష్ తీర్పలేని కొరత యొకటి కలదు. పోపులపెట్టె చేతికందునట్లున్నచో కొట్టుగదికి తిరుగుట తప్పును. కొట్టుగదిలోనే చింతపండు లేనియెడల పోపులపెట్టె యేమి చేయును? మెమొరీ పరిమాణము చాలకపోవుట అట్టిది. ఒక్కొక్క మెమొరీ చిప్పునకు 32 తీగెలు కావలెను గనుక 128 బిట్ల కార్డుపై నాలుగు చిప్పులే పట్టును. చిప్పునకు 2 గిగాబైట్ల చొప్పున 8 గిగాబైట్లు. అంతకు మించవలెనన్న కార్డు వెనుకవైపున మరి నాలుగు అతికించి, చిప్పునకు తీగెలను సగముచేసి పంచవలెను, అపుడు 16. నడుమ 12 యేల లేదని అడుగువారికి సమాధాన మిదియే. ఇంటెల్‌వారి ఆర్క్ బీ580కి 192 బిట్ల బస్ ఉండుటచే ఆరు చిప్పులు పట్టి 12 గిగాబైట్లు అమరినవి.

8 గిగాబైట్లు నిండిన పిమ్మట మిగిలిన టెక్స్చర్లు కంప్యూటరు ప్రధాన మెమొరీలో తలదాచుకొని, మదర్‌బోర్డు త్రోవగుండ రావలసియుండును. 448 గిగాబైట్ల త్రోవలో సెకనులో 60వ వంతున ఏడు గిగాబైట్లకు పైగా వచ్చును. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 గల పాత మదర్‌బోర్డుపై, ఎనిమిది లేన్లే, అనగా సమాంతర దారులే, గల 5060 టీఐకి సెకనుకు లభించునది సుమారు 8 గిగాబైట్లు. అదే వ్యవధిలో 130 మెగాబైట్లు! ఆట కుదుపులతో నడచును, లేదా చెప్పకుండగనే టెక్స్చర్లను మసకచేయును. 2023లో ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగము కంప్యూటరుకు వచ్చినపుడు 8 గిగాబైట్ల కార్డులవారు దీనిని చవిచూచిరి. ప్రధాన మెమొరీయే చాలునని భ్రమించి నష్టపోయిన తొలివారిలో ఇంటెల్ ఒకరు: 1998లో వచ్చిన వారి ఐ740 టెక్స్చర్లను ఏజీపీ త్రోవగుండ ప్రధాన మెమొరీనుండియే చదివెడిది, పోటీదారులు కార్డుపైననే టెక్స్చర్ల నుంచుకొని దానిని దాటిపోయిరి. ఎన్విడియావారును నిర్దోషులు కారు. 2014 నాటి జీటీఎక్స్ 970లోని 4 గిగాబైట్లలో చివరి అరగిగాబైటు మందకొడిదను మాట మరుసటి జనవరిలో గాని బయటపడలేదు. కడకు అమెరికాలో ఒక్కొక్క కొనుగోలుదారునకు 30 డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనవలసివచ్చినది.

ఇక కొనుగోలు. 5060 టీఐ 8 గిగాబైట్లకు 379, 16కు 429 డాలర్లు. ఏఎండీవారి 9060 ఎక్స్‌టీ 8కి 299, 16కు 349 డాలర్లు. బీ580కి 249 డాలర్లు. ఇవి విడుదలనాటి అమెరికా ధరలు. మన అంగళ్లకు చేరునప్పటికి పన్నులును, 2025 చివరినుండి విజృంభించిన మెమొరీ ధరలును కలసి వీనిని గుర్తుపట్టరాకుండ చేసినవి. రెండు సంస్థలును 8కిని 16కును ఒకే పేరు పెట్టుట నాకు మిక్కిలి కోపకారణము; వంచన యను మాటను వాడదలచినవారు బస్ వెడల్పును విడిచి ఈ పేరు విషయమున వాడుకొనవచ్చును. 9060 ఎక్స్‌టీకి 320 గిగాబైట్ల త్రోవయే యున్నను, 32 మెగాబైట్ల క్యాష్‌తో 1440 వరుసలవరకు గౌరవముగ నడచును. పైగా దానికి పదునారు లేన్లు. చిన్నచిత్రమును గీసి పెద్దదిగా చూపు డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ అను ఉపాయములు లోపలి చిత్రమును చిన్నదిచేసి క్యాష్‌కు మేలు చేయును గాని, నడుమ ఫ్రేములను కల్పించు విద్య తనకును మెమొరీ కావలెనని అడుగును. కాంతికిరణముల బాటను లెక్కించి గీయు రే ట్రేసింగుపై మక్కువ గలిగి, క్రొత్త మదర్‌బోర్డు గలవారు 5060 టీఐ 16 గిగాబైట్లదానిని కొనవచ్చును. బీ580 చవకయే గాని, రీసైజబుల్ బార్ అను సౌకర్యము లేని పాతబోర్డుపై దానిని పెట్టరాదు. బీ450వంటి 3.0 బోర్డు గలవారు 9060 ఎక్స్‌టీ 16 గిగాబైట్లదానినే అడిగి, బిల్లుపై 16 అను అంకెను వ్రాయించుకొనవలెను.