నోరు ముందా? మాట ముందా?

అమ్మ ఇండియా నుంచి న్యూజెర్సీలోని మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. సాయంత్రం వంటయ్యాక తెలుగు వార్తలు, ఆపైన ఒక సీరియల్ చూడడం ఆవిడకి అలవాటు. అలాంటిది మూడు వారాలుగా టీవీ పెట్టగానే లేచి తన గదిలోకి వెళ్ళిపోతోంది. "ఏమ్మా, చూడవా?" అంటే, "చెవులు బొత్తిగా పోయాయిరా. వాళ్ళేమంటున్నారో తెలియడం లేదు. మీరు చూసుకోండి" అంది.

అమ్మకి కొన్నేళ్ళుగా కుడిచెవి సరిగా వినపడదు. ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ మిగతాది అందుకుంటుంది. ఇంత త్వరగా ఇంకా తగ్గిపోయిందా అని మా ఆవిడా, నేనూ కంగారుపడి చెవి డాక్టరుకి చూపించాం. వినికిడి ఇండియాలో చేయించిన పరీక్షలో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉందట! మరి ఇబ్బంది ఎక్కడ?

అది పట్టుకున్నది మా తొమ్మిదేళ్ళ పాప. "డాడీ, న్యూస్ ఆంటీ నోరు తెరవకముందే మాట్లాడేస్తోంది!" అంది. వెళ్ళి చూస్తే నిజమే. సరిగ్గా మూడు వారాల క్రితం సేల్‌లో కొత్త ఆడియో రిసీవరు, స్పీకర్లు తెచ్చి నేనే బిగించాను. ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్లతో బతుకుతున్నవాణ్ణి, నా కనెక్షన్‌ని అనుమానించకుండా అమ్మ చెవుల్ని అనుమానించాను!

జరిగిందేమిటంటే, సెట్‌టాప్ బాక్స్ నుంచి బొమ్మ ఒక కేబుల్లో టీవీకి, మాట ఇంకో కేబుల్లో రిసీవరుకి వెళుతున్నాయి. టీవీ బొమ్మని వచ్చింది వచ్చినట్టు చూపించదు. తెరకి తగ్గట్టు సాగదీస్తుంది, మచ్చలు తుడుస్తుంది, కదలిక నున్నగా కనబడాలని మధ్యలో కొత్త బొమ్మలు కూడా అల్లుతుంది. ఈ సింగారానికి ఒక్కోసారి సెకనులో పదోవంతు దాకా పడుతుంది. మాటకి ఆ ముస్తాబు లేదు, సూటిగా స్పీకర్లోకి వచ్చేస్తుంది.

పదోవంతు సెకను ఒక లెక్కా అంటారా? చిన్నప్పుడు ఏటి అవతల చాకిరేవు చూశారా? బట్ట బండకి తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లే వెళుతుంది మరి! అందుకే చప్పుడు కాస్త వెనకబడినా మెదడు సర్దుకుపోతుంది. ముందే వస్తే మాత్రం తికమకపడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫార్సు ప్రకారం, మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, మనం పసిగడతాం. వెనకబడితే 125 దాకా గమనించం. పెదవుల మీద ఆధారపడే అమ్మకి ఆ తేడా ఎంత కష్టమో ఆలోచించండి.

మీ ఇంట్లో సరిచూడాలంటే సినిమా పెట్టకండి. మన సినిమాల్లో మాటలు చాలావరకు తర్వాత డబ్బింగ్ చెప్పినవే. వార్తలు పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టండి. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే. "ప్రభుత్వం", "మంత్రి" అన్నప్పుడు పెదవులు సమయానికి కలుస్తున్నాయా అని వాళ్ళనే చెప్పమనండి. ఓష్ఠ్యాల పాఠం కూడా అయిపోతుంది!

మాట ముందొస్తుంటే: టీవీ మెనూలో మోషన్ స్మూతింగ్ లాంటి హంగులు తీసేయండి. ఆపైన రిసీవరు లేదా సౌండ్‌బార్ మెనూలో "లిప్ సింక్" లేదా "ఆడియో డిలే" అని ఉంటుంది. పదేసి మిల్లీసెకన్లు పెంచుతూ చూడండి.

మాట వెనకబడుతుంటే: డిలేని సున్నా చేయండి. బ్లూటూత్ వాడుతుంటే దాని బదులు కేబుల్ పెట్టండి. సరౌండ్ ఎఫెక్టులు ఆపి చూడండి.

ఒక్క చానెల్లోనే తేడా ఉంటే: తప్పు మీ ఇంట్లో లేదు, వదిలేయండి.

2006లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.3 నుంచి, టీవీ తన ఆలస్యం ఎంతో రిసీవరుకి తానే చెప్పుకునే వీలుంది. నాలాగా మాటకి వేరే దారి వేస్తే ఆ కబురు చేరదు.

మా ఇంట్లో పాపే అంపైరు. "ఇంకా ముందే డాడీ... ఇంకా... ఆఁ, ఇప్పుడు ఓకే!" అంది. అంకె చూస్తే 80. అమ్మని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాం. రెండు నిమిషాలు కళ్ళార్పకుండా చూసి, "అయితే పోయినవి నా చెవులు కాదన్నమాట!" అంది. ఆ రాత్రి సీరియల్ అయిపోయేదాకా కదల్లేదు.

మీ ఇంటికొచ్చిన అమ్మానాన్నలు టీవీ ముందు నుంచి లేచిపోతుంటే, డాక్టరు దగ్గరికి తప్పకుండా తీసుకెళ్ళండి. అలాగే ఒకసారి రిమోట్ కూడా చేతిలోకి తీసుకోండి.