దారం తెగినా ఆగని నేత

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు చూచినవారికి ఒక సంగతి తెలిసే వుంటుంది. నేతగాడు అన్నానికి లేచేటప్పుడు మగ్గం మీది పడుగును విప్పడు. నాడెను అక్కడే వుంచి పోతాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడంటే చీర ఆగిన అంగుళం దగ్గరనుంచే సాగుతుంది. కంప్యూటరు మీద పనిచేసేవారికి ఇటువంటి మగ్గం వున్నదా అంటారా? వున్నది. దాని పేరు టీమక్స్.

మా మేనల్లుడు పుట్టపర్తిలో మా ఇంట్లోనే వుండి బెంగుళూరు కంపెనీ ఒకదానికి పనిచేస్తాడు. పని జరిగే పెద్ద కంప్యూటరు ఎక్కడో దూరాన వుంటుంది. దానికి ఆజ్ఞలు అక్షరాలలో టైపు చేసి పంపాలి. అలా పంపే నల్లని తెరనే టెర్మినల్ అంటారు. ఒకనాడు అతడు నాలుగు గంటలు పట్టే పని మొదలుపెట్టాడు. మూడు గంటలు గడిచినాక గాలివాన వచ్చి ఇంటర్నెట్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి ఆ పని సగంలో ఆగిపోయి వున్నది.

"అంతా మట్టిలో కలిసిపాయె మామా!" అని తల పట్టుకున్నాడు.

ఇలా ఎందుకు జరుగుతుంది? సంబంధం తెగగానే దూరపు యంత్రం, అవతలివారు ఫోను పెట్టేసినారని తలచి, ఆ టెర్మినల్‌ను ఆశ్రయించిన పనులకు ‘హ్యాంగప్’ అనే సంకేతం పంపుతుంది. సాధారణంగా దానితో అవి ఆగిపోతాయి.

టీమక్స్ ఆ దూరపు యంత్రంలోనే మధ్యవర్తిగా కూర్చుంటుంది. పనులు దానిని ఆశ్రయించి నడుస్తాయి గాని మన తెరను కాదు. మనకు దారం తెగినా వాటికి ఆ వార్తే అందదు. తిరిగి వచ్చి ‘టీమక్స్ అటాచ్’ అని టైపు చేస్తే వదిలిన పని కళ్ళముందు నిలుస్తుంది. మనంతట మనమే లేచి పోవాలంటే కంట్రోల్-బి నొక్కి వదిలి, తరువాత ‘డి’ నొక్కాలి.

మరొక సౌకర్యం కూడా వున్నది. కంట్రోల్-బి తరువాత శాతం గుర్తు నొక్కితే తెర పక్కపక్కన రెండు గదులవుతుంది. రెండు గీతల కొటేషన్ గుర్తు నొక్కితే కిందా మీదా అవుతుంది. ఒక గదిలో పని, మరొక గదిలో దాని లెక్కాడొక్కా చూచుకోవచ్చును.

ఈ ఊహ నిన్నటిది కాదు. 1987లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆలివర్ లామన్, కార్‌స్టెన్ బోర్మన్ ‘స్క్రీన్’ అనే పరికరం తయారుచేశారు. నికొలస్ మారియట్ రచించిన టీమక్స్ 2007లో వెలువడింది. రెండూ ఉచితమే.

గుంటమగ్గంలో తొక్కుడు కర్రలను నేతగాడు తన కాళ్ళకు అనువుగా అమర్చుకుంటాడు గదా! టీమక్స్‌నూ అలాగే మలచుకోవచ్చును. ‘చుక్క టీమక్స్ చుక్క కాన్ఫ్’ అనే చిన్న ఫైలులో కొన్ని పంక్తులు రాస్తే చాలు. కంట్రోల్-బి వేళ్ళకు దూరమైతే, స్క్రీన్‌లో వున్నట్లు కంట్రోల్-ఎ పెట్టుకోవచ్చును. మౌసుతో గదులు మారేటట్లు చేయవచ్చును. మామూలుగా 2000 పంక్తులవరకే గుర్తుంచుకొనే చరిత్రను పెంచుకోవచ్చును.

కాని ఒక్క మాట మరువరాదు. మా వాడు మొదట టీమక్స్‌ను ఇంటి కంప్యూటరులో తెరిచి, అందులోనుంచి దూరపు యంత్రానికి వెళ్ళినాడు. ఇంటర్నెట్ పోగానే పాత కథే! పని ఎక్కడ జరుగుతుందో అక్కడే టీమక్స్ మొదలుపెట్టాలి. ఆ యంత్రానికే కరెంటు పోతే అది కూడా ఏమీ చేయలేదు. మగ్గమే కూలితే పడుగు మిగులుతుందా?

మొన్న మళ్ళీ గాలివాన వచ్చింది, ఇంటర్నెట్ పోయింది. మా వాడు తల పట్టుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి, "అత్తా, అన్నం పెట్టు. దాని పాటికి అది నడుస్తా వుంటుంది" అంటూ లేచినాడు.