గోడను పట్టుకునే తీగ

జొన్నాడ ఊరు గౌతమి గోదావరి ఒడ్డున ఉంది. ఇది ఆలమూరు మండలంలోని ఊరు. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది. వంతెన దాటితే రావులపాలెం వస్తుంది. రాజమండ్రి వైపు వెళితే కడియపులంక వస్తుంది. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా మొక్కల నర్సరీలే.

ఈ నర్సరీల్లో ఎంతోమంది ఆడవాళ్ళు పని చేస్తారు. కవర్లలో మట్టి నింపుతారు. కొమ్మలు నాటుతారు. కలుపు తీస్తారు. నీళ్ళు పెడతారు. వాళ్ళ చేతుల మీదుగా వందల రకాల మొక్కలు ఊళ్ళు దాటి వెళతాయి.

వాటిలో ఒక తీగ ఉంది. ఆకు చిన్నది. వేలి గోరంత ఉంటుంది. తాడు కట్టనక్కరలేదు, పందిరి వేయనక్కరలేదు. గోడను పట్టుకుని తనే పైకి పాకుతుంది. రెండు మూడేళ్ళలో గోడ మీద పచ్చని దుప్పటి కప్పినట్టు ఉంటుంది. దీని పేరు ఫైకస్ పుమిలా. మనం దీన్ని గోడమర్రి అందాం. ఎందుకో చూడండి.

ఇది ఎవరి చుట్టం?

మర్రి, రావి, మేడి, జువ్వి మనకు తెలిసిన చెట్లే. ఆకు తుంచితే తెల్లని పాలు కారతాయి. ఈ తీగ ఆకు తుంచినా పాలు కారతాయి. ఇవన్నీ ఒకే కుటుంబం. మర్రి మహావృక్షం అవుతుంది. దాని చుట్టమైన ఈ తీగ గోడ మీద పాకుతుంది.

దీని పుట్టిల్లు చైనా, జపాన్, వియత్నాం దేశాలు. అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగింది. తైవాన్ దేశంలో ఈ తీగలో ఒక రకం ఉంది. దాని కాయలోని గింజలను గుడ్డలో మూటకట్టి నీళ్ళలో పిసుకుతారు. ఆ నీళ్ళు కాసేపటికి జున్నులా గడ్డకడతాయి. దాన్ని చల్లగా, తియ్యగా తింటారు.

మరి మన దగ్గర గింజ వేసి పెంచవచ్చా? మేడి చెట్టు పూత పూయడం ఎవరైనా చూశారా? చూసి ఉండరు. దాని పూలు కాయ లోపలే ఉంటాయి. ఒక చిన్న కందిరీగ కాయలోకి దూరితేనే గింజ కడుతుంది. గోడమర్రికీ అంతే. దీనికి సరిపోయే కందిరీగ వేరే ఉంది. ఆ కందిరీగ లేని చోట గింజ కట్టదు. అందుకే దీన్ని కొమ్మ ముక్కలతోనే పెంచుతారు.

గోడకు ఎలా అంటుకుంటుంది?

తీగకు కణుపు కణుపు దగ్గర సన్నని వేళ్ళు వస్తాయి. ఆ వేళ్ళ నుంచి జిగురు ఊరుతుంది. ఇంగ్లండ్ దేశంలో డార్విన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన ఈ వేళ్ళను గాజు పలక మీద పెట్టి చూశాడు. జిగురు ఎలా గట్టిపడుతుందో గమనించాడు. 1865లో ఆ సంగతి రాశాడు. ముందు బొట్టు బొట్టుగా పలుచని జిగురు వస్తుంది. అందులో నీరు పోతే రబ్బరులా పట్టేస్తుంది.

ఇందులో మనం గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఒకసారి పట్టిన వేరు విడవదు. లాగితే గోడ సున్నం, రంగు ఊడి వస్తాయి. కాబట్టి తీగ నాటడానికి ముందే గోడను చూసుకోవాలి. నాటాక చూసుకుంటే లాభం లేదు.

ఏ గోడకు మంచిది? ఏ గోడకు కాదు?

"వదినా, మా మట్టిగోడ వెలిసిపోయింది. ఈ తీగ పాకిస్తే కనపడకుండా పోతుంది కదా?" అని ఒకామె అడిగింది.

"వద్దమ్మా. గోడ కనపడకుండా పోవడం కాదు, గోడే పోతుంది" అంది నర్సరీలో పనిచేసే వదిన.

ఆమె మాట నిజం. మట్టిగోడకు ఈ తీగ పెట్టకూడదు. పాత సున్నపు గోడకు పెట్టకూడదు. బీటలు వారిన గోడకు అసలే పెట్టకూడదు. వేరు బీటలోకి దూరుతుంది. లోపల లావెక్కి బీటను పెద్దది చేస్తుంది. వానాకాలంలో ఆ సందులోకి నీరు దిగుతుంది. గోడ మీద మొలిచిన రావి మొక్క ఏం చేస్తుందో మనకు తెలుసు. ఇదీ దాని చుట్టమే కదా.

పెంకుటింటి చూరు దాకా, తాటాకు కప్పు దాకా తీగను పోనివ్వకూడదు. పెంకుల కిందకు దూరితే కప్పు చెడుతుంది. తలుపులకు, కిటికీ చెక్కలకు, కరెంటు తీగలకు దూరంగా ఉంచాలి.

మరి ఎక్కడ పెట్టాలి? సిమెంటు పూత గట్టిగా ఉన్న ప్రహరీ గోడకు పెట్టవచ్చు. రాతి గోడకు పెట్టవచ్చు. గోడ మీద ఎండ నేరుగా పడకుండా ఆకులు ఆపుతాయి. అందువల్ల గోడ అంతగా వేడెక్కదు. తూర్పు గోడ అయితే మరీ మంచిది. పొద్దుటి ఎండ తగులుతుంది. పడమటి ఎండకు లేత తీగ మాడిపోతుంది. అద్దె ఇల్లయితే ఇంటివాళ్ళను అడగకుండా పెట్టవద్దు. మంచి గోడ లేకపోతే కుండీలో పెంచవచ్చు.

ఎలా నాటాలి?

వాన చినుకులు పడ్డాక నాటడం మంచిది. గోడకు జానెడు దూరంలో గొయ్యి తీయాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు ఉంటే చాలు. ఒండ్రుమట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. పచ్చి పేడ వేయకూడదు. మొక్కకు మొక్కకు మూడు అడుగుల దూరం ఉండాలి.

కవర్లోంచి తీసిన మొక్కకు పాత కొమ్మలు ఉంటాయి. అవి గోడకు అంటుకోవు. కొత్తగా వచ్చే చిగురే అంటుకుంటుంది. అందుకని నాటాక పొడుగు కొమ్మలను కొంచెం కత్తిరించాలి. కొత్త చిగురు వేసి గోడ ఎక్కుతుంది.

మొదటి ఏడాది నెమ్మదిగా పెరుగుతుంది. చచ్చిందేమో అని పీకేయకండి. అది ముందు కింద వేరు పోసుకుంటుంది. ఆ తరువాత జోరుగా పాకుతుంది.

ఎలా చూసుకోవాలి?

మొదటి ఏడాది నేల ఆరనివ్వకూడదు. వేసవిలో రోజూ చూసుకోవాలి. వేలితో మట్టి గుచ్చి చూడండి. తడి తగిలితే నీరు వద్దు. పొడిగా ఉంటే పోయాలి. అలాగని నీరు నిలవ ఉండకూడదు. నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. కుండీలో మొక్క మరీ తొందరగా ఎండుతుంది. ఆకు గలగలలాడితే ఆ ఆకు మళ్ళీ పచ్చబడదు.

ఆకుల అడుగున తెల్లగా దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలపాలి. సాయంత్రం వేళ ఆకు అడుగున తడిసేలా చల్లాలి. వారం తరువాత మళ్ళీ ఒకసారి చల్లాలి.

కత్తెర వేయడమే అసలు పని

ఈ తీగకు రెండు రకాల కొమ్మలు వస్తాయి. చిన్న ఆకుల కొమ్మ గోడను అంటి పాకుతుంది. కొన్నేళ్ళకు లావు కొమ్మలు గోడను వదిలి బయటికి వస్తాయి. వాటి ఆకు అరచేతిలో సగం ఉంటుంది. మందంగా ఉంటుంది. వాటికే కాయలు కాస్తాయి. ఈ లావు కొమ్మలను పెరగనిస్తే బరువుకు తీగ వేలాడుతుంది. గాలివానకు ఊడి పడుతుంది. ఒత్తుగా పెరిగితే లోపల పురుగూ పుట్రా చేరతాయి.

అందుకే ఏడాదికి రెండు మూడుసార్లు కత్తెర వేయాలి. బయటికి పొడుచుకు వచ్చిన కొమ్మలన్నీ కోసేయాలి. పైన చూరు దగ్గర, పక్కన కిటికీ దగ్గర హద్దు పెట్టుకుని అక్కడికి కోయాలి.

కోసేటప్పుడు పాలు కారతాయి. ఆ పాలు తగిలితే కొందరికి దురద, మంట వస్తాయి. పాలు తగిలిన చోట ఎండ పడితే ఇంకా మండుతుంది. చేతికి తొడుగు వేసుకోవాలి. లేకపోతే గుడ్డ చుట్టుకోవాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేతులతో కళ్ళు నలుపుకోవద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.

కోసిన కొమ్మ చెత్త కాదు

కోసిన కొమ్మలను చాలామంది పారేస్తారు. కాని వాటిలోనే కొత్త మొక్కలున్నాయి.

చిన్న ఆకుల కొమ్మలను ఏరుకోవాలి. మరీ లేతవి వద్దు, మరీ ముదురువి వద్దు. మూడు నాలుగు కణుపులుండేలా ముక్కలు చేయాలి. కింది ఆకులు తుంచాలి. పాలు నీళ్ళతో కడగాలి. కొబ్బరి పొట్టుకు మన కోనసీమలో కరువు లేదు. నానబెట్టి పిండిన పొట్టు ఒక వంతు, ఒండ్రుమట్టి ఒక వంతు కలిపి చిన్న కవర్లలో నింపాలి. కవరు అడుగున చిల్లులు ఉండాలి. రెండు కణుపులు మట్టిలో ఉండేలా ముక్క గుచ్చాలి. చెట్టు నీడలో గాని, పచ్చ వల కింద గాని పెట్టాలి. రోజూ నీరు చిలకరించాలి. నెల రోజుల్లో చాలా ముక్కలు వేరు పోస్తాయి. మెల్లగా లాగి చూడండి. రాకపోతే వేరు పట్టినట్టే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 100 ముక్కలు నాటారు అనుకుందాం. 30 ఎండిపోయాయి. 100లో 30 తీసేస్తే 70. అంటే 70 మొక్కలు మిగిలాయి. 100 కవర్ల ఖర్చు, పొట్టు ఖర్చు, మీ కూలి కలపండి. వచ్చిన మొత్తాన్ని 70తో భాగించండి. 100తో కాదు. ఒక్కో మొక్కకు ఎంత పడిందో తెలుస్తుంది. అంతకంటే తక్కువకు అమ్మితే నష్టం. ఎండిపోయిన ముక్కల ఖర్చు మరచిపోతే చేతి డబ్బు పోతుంది. అందుకే నాటిన తేదీ, నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని రాసి పెట్టుకోవాలి. ఎక్కువ మొక్కలు పెట్టేముందు ఎవరు కొంటారో అడిగి తెలుసుకోవాలి.

కొన్నవాళ్ళకు మొక్కతో పాటు మాట కూడా ఇవ్వాలి. "ఏ గోడకు పెడతారండీ?" అని అడగాలి. మట్టిగోడ అంటే వద్దని చెప్పాలి. ఒక మొక్క అమ్ముడుపోకపోతే పోయింది. ఒకరి గోడ నిలుస్తుంది. ఆ మనిషి ఇంకో మొక్క కోసం మళ్ళీ మీ దగ్గరికే వస్తారు.

గుర్తుంచుకోండి

గోడ చూసి తీగ పెట్టాలి.
మొదటి ఏడాది నీరు, ఓపిక రెండూ కావాలి.
ఏడాదికి రెండు మూడుసార్లు కత్తెర వేయాలి.
పాలు తగలకుండా చేతులు కాపాడుకోవాలి.
కోసిన కొమ్మను కవర్లో పెడితే మొక్క అవుతుంది.