మన్యం తిరుగుబాటులో తూటా: లభ్యత, వెల, వ్యూహం

కీలకపదాలు: మన్యం, అల్లూరి సీతారామరాజు, తూటా, నాటుతుపాకి, పోలీసు ఆయుధాలు

మన్యం తిరుగుబాటు (1922-24) గురించి వెలువడిన జీవితచరిత్రల్లోనూ, బుర్రకథల్లోనూ, 1974 నాటి చలనచిత్రంలోనూ తుపాకికి పెద్దపీట దక్కింది. తూటాకు దక్కలేదు. స్టేషన్ల మీద దాడి అనగానే మనకు తుపాకుల స్వాధీనమే గుర్తుకు వస్తుంది. అయితే ఒకసారి చేజిక్కిన తుపాకి ఏళ్ల తరబడి పనిచేస్తుంది, తూటా మాత్రం ఒక్కసారి పేలి అయిపోతుంది. ఈ తేడాను దృష్టిలో ఉంచుకొని తిరుగుబాటు గమనాన్ని మళ్లీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. తెలుగులో 'మందు' అనే ఒకే మాట ఔషధానికీ, పేలుడుపొడికీ చెల్లుతుంది. మందు, గుండు వేర్వేరు వస్తువులుగా ఉన్న కాలంలో 'మందుగుండు' అనే జంటపదానికి అక్షరాలా అర్థం ఉండేది. తుపాకి గొట్టంలో నోటివైపు నుంచి మందు పోసి, గుండు వేసి, ఇనుపకడ్డీతో కూరేవారు. ఆ తర్వాతి కాలపు తూటాలో అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ, ఇత్తడి గొట్టంలో మందు, కొసన గుండు ఒకే వస్తువుగా బిగిసి ఉంటాయి. ఈ రెండింటినీ మనం ఇప్పటికీ 'మందుగుండు సామగ్రి' అనే ఒకే పేరుతో పిలుస్తున్నాం. చరిత్ర రచనలో ఈ అలవాటు ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరిచిందని నా అభిప్రాయం.

ఆ భేదం ఏమిటంటే, కూరే తుపాకికి కావలసిన పెట్లుప్పు, గంధకం, బొగ్గు సంతల్లోనో అడవిలోనో సమకూరుతాయి. సీసం లేకపోతే ఇనుపముక్కలైనా గుండుగా పనికివస్తాయి. తుపాకి చెడితే ఊరి కమ్మరి బాగుచేయగలడు. తూటాకు ఈ వెసులుబాటు లేదు. కొలత తప్పని ఇత్తడి గొట్టం, దాని అడుగున టోపీ కావాలంటే కర్మాగారం ఉండాలి. బ్రిటిష్ ఇండియాలో అటువంటిది పుణె సమీపంలోని కిర్కీలో 1869లోనే వెలిసింది. చింతపల్లి కొండల్లో తూటా దొరికే చోటు పోలీసు స్టేషను ఒక్కటే. అందువల్ల తిరుగుబాటుదారులకు తూటా వెల రూపాయల్లో కాక ప్రాణాల్లో లెక్కకు వచ్చేది.

1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషనులో 11 తుపాకులు, 1,390 తూటాలు దళం చేతికి వచ్చాయి. తీసుకున్న వస్తువుల పట్టికను స్టేషను పుస్తకంలోనే రాసి రాజు సంతకం చేశాడు. మరునాడు కృష్ణదేవిపేటలో 7, ఆగస్టు 24న రాజవొమ్మంగిలో 8 తుపాకులు దొరికాయి. మొత్తం తుపాకులు 26, తూటాలు 2,500 పైచిలుకు. మన రచనల్లో ఈ అంకెలు విజయానికి కొలతగానే కనిపిస్తాయి. భాగించి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. తుపాకికి వందకు కాస్త అటూఇటూగా తూటాలు వస్తాయి. ఒక్కో పోరులో ఒక్కో తుపాకి పది తూటాలు పేల్చిందనుకుంటే పది పోరాటాలకు నిల్వ నిండుకుంటుంది. ఎదుటిపక్షం లెక్క వేరు. అయిపోయిన తూటాల స్థానంలో రైలు మీద, బండి మీద కొత్త పెట్టెలు వచ్చి చేరతాయి.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన దాడిని ఈ వెలుగులో చూడాలి. దళం ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులను కాల్చింది. స్వదేశీయుల ప్రాణం తీయరాదన్న రాజు నియమానికి దీన్ని నిదర్శనంగా చెబుతూ వచ్చారు. ఆ నియమాన్ని శంకించనక్కరలేదు. అయితే అదే నియమం తూటాల పొదుపుకూ దారితీసింది. ఇరుకు కనుమలో, దగ్గరి దూరంలో, ఎంచుకున్న ఇద్దరి మీద కాల్పులు జరపడం కొద్దిపాటి నిల్వ ఉన్నవాడు చేయవలసిన యుద్ధమే. నీతి, అవసరం ఒకేచోట కలవడం చరిత్రలో అరుదు కాదు. సాహిత్యం సాధారణంగా మొదటిదాన్నే ఎంచుకుంటుంది.

ముందుగా కబురు పంపి దాడి చేయడం, జానపదులు చెప్పుకొనే 'మిరపకాయ టపా', ఇందుకు పూర్తి విరుద్ధం. రాజు వ్యక్తిత్వాన్ని అది ఎంతగా పెంచిందో, ఆయుధాగారాన్ని అంతగా తగ్గించింది. అక్టోబరు 15న అడ్డతీగల మీద, 19న పట్టపగలు రంపచోడవరం మీద దాడి జరిగింది. ఆయుధాలను ముందే దాచివేయడంతో రంపచోడవరంలో ఏమీ దొరకలేదు. జనం మాత్రం పెద్దసంఖ్యలో వచ్చి రాజును చూశారు. కబురు ఒక్కటే కారణం కాదు, ఆగస్టు దెబ్బలతో ప్రభుత్వమూ మేలుకొంది. ఏమైనా రాజు పేరు పెరుగుతున్న రోజుల్లోనే తూటాల రాబడి ఆగిపోయింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర ఎదురుకాల్పుల్లో దళం మనుషులతోపాటు కొన్ని ఆయుధాలనూ పోగొట్టుకుంది. తర్వాతి నెలల మౌనానికి చరిత్రకారులు చూపే కారణాల్లో ఈ కొరతకూ చోటుండాలి. 1923 ఏప్రిల్ 17న రాజు అన్నవరంలో కనిపించినా తొలి ఆగస్టు నాటి రాబడి మళ్లీ రాలేదు. 1924 మే 7న కొయ్యూరులో ఆయనను కాల్చిచంపారు.

తుపాకి పోయినా తూటా దొరకకుండా చేస్తే చాలునన్న ఆలోచన వలసపాలకుల ఆయుధ నిర్మాణంలోనూ కనిపిస్తుంది. 20వ శతాబ్ది పూర్వార్ధంలో భారత పోలీసుల కోసం సైనిక లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలును .410 మస్కెటుగా మార్చారు. గొట్టం లోపలి మరచుట్లు తీసివేసి నున్నగా చేశారు. తూటాల అర స్థానంలో కొయ్యముక్క బిగించి, ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టేలా చేశారు. దాని తూటా .303 గొట్టాన్నే మెడ నొక్కకుండా నిటారుగా వదిలి చేసినది. సైనిక రైఫిలులో అది పట్టదు. అపహరణకు గురైనా ప్రమాదం పరిమితంగా ఉండే ఆయుధం ఇది. వలసపాలనలోనే .303 వంటి సైనిక కొలతలు సామాన్యులకు నిషిద్ధం కావడం వల్లనే .315 రైఫిలు మన దేశంలో ప్రచారంలోకి వచ్చింది. ఆస్ట్రియా 8 మి.మీ. మన్లిఖర్ తూటా దీనికి మూలం. పుట్టినచోట పాతబడిన ఆ కొలత ఇక్కడ చట్టం పుణ్యమా అని బతికింది. ప్రభుత్వ కర్మాగారాలే దానికి ప్రధాన ఆధారం కావడంతో లైసెన్సుదారుకు వెలా, లభ్యతా రెండూ సర్కారు చేతిలోనే ఉన్నాయి.

అరకు, పాడేరు కొండల్లో నాటుతుపాకి ఇంతకాలం నిలవడానికి కారణం వేట మీద మమకారం ఒక్కటే కాదు. దానికి తూటా అక్కరలేదు. చైత్రమాసపు ఇటుకల పండుగలో మగవారు వేటకు బయలుదేరేటప్పుడు విల్లంబుల పక్కన అది కనిపించేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1959 ఆయుధచట్టం రెండూ దాన్ని నేరవస్తువుగా చూస్తాయి. పోలీసులు గ్రామాల్లో నాటుతుపాకులు అప్పగించమని ప్రచారం చేస్తుంటారు. తూటాతో ముడిపడిన తుపాకిని దుకాణంలోని అమ్మకపు పుస్తకం ద్వారా అదుపు చేయవచ్చు. బొగ్గు, పెట్లుప్పుతో నడిచే తుపాకికి అటువంటి పుస్తకం లేదు గనుక ఇంటింటికీ వెళ్లి అడగవలసి వస్తున్నది.