వెబ్‌సైటు రూపకల్పనలో నేత్రచలన పరిశీలన

నేత్రచలన పరిశీలన లేదా ఐ ట్రాకింగ్ అనగా మనిషి చూపు దేనిపై నిలిచినది, ఎంతసేపు నిలిచినది, అక్కడి నుండి ఎటు మళ్ళినది అనే విషయాలను పరికరం సహాయంతో నమోదు చేసే పద్ధతి. పఠనంపై జరిగిన పరిశోధనలతో మొదలైన ఈ పద్ధతిని తరువాతి కాలంలో వెబ్‌సైట్ల రూపకల్పనకు కూడా ఉపయోగిస్తున్నారు. పేజీలోని ముఖ్యాంశం సందర్శకుని కంట పడుతున్నదా లేదా అని తెలుసుకొని, కొనుగోలు, దరఖాస్తు, సభ్యత్వ నమోదు వంటి పనిని ఎక్కువమంది పూర్తిచేసేలా పేజీని సవరించడం దీని ప్రయోజనం. వచ్చినవారిలో ఆ పని పూర్తిచేసినవారి శాతాన్ని కన్వర్షన్ రేటు అంటారు.

చూపు కదిలే తీరు

చదివేటప్పుడు కళ్ళు పంక్తి వెంట నీటిధారలా సాగుతాయని అనిపిస్తుంది. నిజానికి అవి గెంతుతూ పోతాయి. ఈ సంగతి 1870ల చివరలో పారిస్‌లో నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ ప్రయోగశాలలో వెల్లడైనది. గెంతును సాకేడ్ అని, రెండు గెంతుల మధ్య ఆగడాన్ని స్థిరదృష్టి అని అంటారు. పఠనంలో ఒక్కొక్క స్థిరదృష్టి సుమారు 200 నుండి 250 మిల్లీసెకన్లు ఉంటుంది. గెంతే సమయంలో కన్ను కొత్త సమాచారాన్ని గ్రహించదు. పాఠకుడు ఈ వాక్యాన్ని చదువుతున్నప్పుడు జరుగుతున్నది కూడా ఇదే.

కంటిలో స్పష్టమైన చూపునిచ్చే ఫోవియా అనే భాగం చాలా చిన్నది. అది చూడగలిగేది సుమారు 2 డిగ్రీల మేర, అంటే చేయి చాచి పట్టుకున్న బొటనవేలి వెడల్పంత మాత్రమే. మిగిలిన పేజీ అంతా మసకగానే కనిపిస్తుంది. కాబట్టి సందర్శకుడు పేజీని ముక్కలుగా ఏరుకొని చూస్తాడు. వేటిని ఏరుకుంటాడన్నదే రూపకర్తకు కావలసిన సమాచారం.

20వ శతాబ్దపు ఆరంభానికి ముందే అమెరికాకు చెందిన ఎడ్మండ్ హ్యూయీ కనుగుడ్డుపై చిన్న మూత వంటిది అమర్చి, దానికి తగిలించిన సూచికతో చూపు కదలికలను గీయించాడు. నేటి పరికరాలు కంటిని తాకవు. పరారుణ కాంతిని కంటిపై ప్రసరింపజేసి, కనుపాప కేంద్రానికీ కార్నియాపై కనిపించే ప్రతిబింబానికీ మధ్య దూరాన్ని బట్టి చూపు దిశను లెక్కిస్తాయి.

పనిని బట్టి చూపు

రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ యార్బస్ 1960లలో ప్రకటించిన ప్రయోగం ఈ రంగానికి పునాది వంటిది. ఇల్యా రేపిన్ గీసిన ఒక చిత్రాన్ని ఒకే వ్యక్తికి పలుమార్లు చూపి, ప్రతిసారీ వేరే ప్రశ్న వేశాడు. చిత్రంలోని మనుషుల వయస్సు అడిగినపుడు చూపు ముఖాలపై తిరిగినది. కుటుంబ ఆర్థిక స్థితి అడిగినపుడు దుస్తులు, సామాను మీదికి మళ్ళినది.

వెబ్‌పేజీ విషయంలో ఈ పాఠాన్ని తరచు మరచిపోతుంటారు. 2006లో జేకబ్ నీల్సన్ 232 మంది వినియోగదారులపై జరిపిన పరిశీలనను ప్రకటించాడు. చూపు మొదట పైభాగంలో అడ్డంగా, కొంత దిగువన మరోసారి అడ్డంగా, తరువాత ఎడమ అంచు వెంట నిలువుగా సాగి ఆంగ్ల అక్షరం ఎఫ్ ఆకారాన్ని పోలినది. పలువురు రూపకర్తలు దీనిని పేజీకి నమూనాగా భావించారు. అది పొరపాటు. శీర్షికలు లేని గంపగుత్త వచనాన్ని తొందరలో చూసే పాఠకుని తీరు అది. కుడివైపున ఉన్న మాటలు వదిలివేయబడుతున్నాయనడానికి గుర్తు. కుడి నుండి ఎడమకు సాగే భాషలలో ఈ ఆకారం తిరగబడుతుంది. స్పష్టమైన ఉపశీర్షికలు పెట్టి, వాటి మొదటి మాటలలోనే విషయం చెప్పినచో చూపు శీర్షిక నుండి శీర్షికకు దిగి, కావలసిన చోట ఆగి చదువుతుంది.

ప్రకటన అంధత్వం అనేది మరొక అంశం. 1998లో బెన్వే, లేన్ అనే పరిశోధకులు, వెతుకుతున్న సమాచారం పెద్ద రంగుల పట్టీలో ఉన్నప్పటికీ వినియోగదారులు దానిని గమనించలేదని చూపారు. ప్రకటనలాగా కనిపించే దానిని చూపు దాటిపోతుందని తరువాతి నేత్రచలన పరిశీలనలు కూడా తెలిపినవి. "దరఖాస్తు చేయండి" అనే మీటను మెరిసే రంగులతో ఒక మూలన పెట్టినచో అది కనబడకపోవడానికి కారణం ఇదే.

పరిమితులు

చూపు నిలిచిన చోట ఎరుపు, నిలవని చోట నీలం రంగులు వేసిన పటాన్ని హీట్‌మ్యాప్ అంటారు. చూడడానికి ఇంపుగా ఉంటుంది కనుక దీనిపై అతిగా నమ్మకం పెట్టుకోవడం కద్దు. చూపు ఎక్కువసేపు నిలవడానికి ఆసక్తి కారణం కావచ్చును, అర్థం కాకపోవడమూ కారణం కావచ్చును. ఈ తేడా పటంలో తెలియదు. ఆ వ్యక్తినే అడగాలి. కొద్దిమందితో తయారుచేసిన పటంలో ఒక్కరి చూపే రంగును మార్చివేయగలదు. అందుకే నీల్సన్, కారా పెర్నిస్ ఇటువంటి పటాలకు 39 మంది అవసరమని సూచించారు. ఇక కన్వర్షన్ రేటు నిజంగా పెరిగినదా అన్నది తేలాలంటే, పాత పేజీని కొందరికి, కొత్త పేజీని కొందరికి చూపి ఫలితాలను పోల్చే ఏ/బి పరీక్ష జరపవలసిందే.

చూపు ఎక్కడ పడదో తెలిసినవారు చందా రద్దు చేసే మార్గాన్నో అదనపు రుసుమునో అక్కడే పెట్టగలరు. ఇటువంటి పోకడలను డార్క్ పాటర్న్‌లు అంటారు. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటి నివారణకు మార్గదర్శకాలు జారీ చేసినది. అందులో పేర్కొన్న 13 రకాలలో, కొంత సమాచారాన్ని ప్రస్ఫుటం చేసి అవసరమైన ఇతర సమాచారాన్ని మరుగుపరచడం కూడా ఒకటి.