పంటి అచ్చులో సముద్రపు నాచు

కట్టుడు పళ్ల కోసం బీదర్‌లోనో, పక్కనే ఉన్న జహీరాబాద్‌లోనో అచ్చు ఇచ్చినవాళ్లకు ఆ పొడి గుర్తుండే ఉంటుంది. డాక్టరు గిన్నెలో గులాబీ రంగు పొడి వేసి, నీళ్లు పోసి, చదునైన గరిటెతో అంచుకు రుద్దుతూ జోరుగా కలుపుతారు. పుదీనా వాసన వస్తుంది. ఆ ముద్దను ట్రేలో నింపి పళ్లకు అదిమితే రెండు మూడు నిమిషాల్లో రబ్బరులా బిగుస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, ఏ తీరానికైనా వందల కిలోమీటర్ల దూరాన ఉన్న బీదర్‌కు సముద్రం ఇలా చేరుకుంటోంది.

ఆ పొడిలో అసలు సరుకు ఆల్జినేట్. గోధుమరంగు సముద్రపు నాచుల్లో ఉంటుంది. అలలు ఎంత విసిరికొట్టినా అవి తెగకుండా వంగేది దానివల్లే. దీన్ని 1880లలో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఇ.సి.సి. స్టాన్‌ఫోర్డ్ వేరుచేశారు. నీళ్లలో కరిగిన ఆల్జినేట్ గొలుసులను పొడిలోని కాల్షియం ఒకదానితో ఒకటి ముడివేస్తుంది, ముద్ద గట్టిపడుతుంది. మరీ తొందరగా బిగియకుండా కాస్త ఫాస్ఫేట్ కలుపుతారు. డాక్టరుకు చేతిలో మిగిలే వ్యవధి దానివల్లే. అంతకుముందు అచ్చులకు అగర్ అనే మరో పదార్థం వాడేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి అగర్ రావడం ఆగిపోవడంతో ఆల్జినేట్‌కు గిరాకీ పెరిగింది.

ప్రపంచంలో ఆల్జినేట్ ఎక్కువగా వచ్చేది నార్వే, చిలీ లాంటి చల్లని తీరాల కెల్ప్ నుంచే. గోధుమరంగు నాచుల్లో అతిపెద్దవి ఇవి. జెయింట్ కెల్ప్ 45 మీటర్లదాకా ఎదుగుతుంది, అన్నీ కలిసొస్తే రోజుకు 60 సెంటీమీటర్లు పెరగగలదు. చూడటానికి చెట్టులా ఉన్నా చెట్టు కాదు. అడుగున ఉన్నవి వేళ్లు కావు, రాతిని పట్టుకునే పట్టు మాత్రమే. పోషకాలను ఒళ్లంతా నీటినుంచే పీల్చుకుంటుంది. ఆకుల మొదళ్లలోని గాలితిత్తులు దాన్ని వెలుతురు వైపు లేపి నిలబెడతాయి.

మన బంగాళాఖాతంలో కెల్ప్ బతకదు. చల్లదనం, పోషకాలు పుష్కలంగా ఉన్న నీళ్లు కావాలి దానికి. విశాఖ తీరపు రాళ్లమీద దాని దూరపు బంధువు సర్గాసం మాత్రం పెరుగుతుంది. ఆ తీరపు నాచులను ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు ఓపికగా అధ్యయనం చేశారు. తమిళనాడు తీరంలో సేకరించే సర్గాసం నుంచి మన దేశంలోనూ ఆల్జినేట్ తీస్తారు.

కోత కంటే వేడిమే కెల్ప్‌కు పెద్ద గండం. నార్వేలో ఒకసారి కోసిన చోటును కొన్నేళ్లు ముట్టుకోరు, అడవి మళ్లీ లేస్తుంది. ఉత్తర కాలిఫోర్నియాలో అలా జరగలేదు. అక్కడ 2013 నుంచి రోగంతో సన్‌ఫ్లవర్ నక్షత్ర చేపలు చచ్చిపోయాయి. అవి తినాల్సిన, కెల్ప్‌ను మేసే ఊదారంగు సీ అర్చిన్లు విపరీతంగా పెరిగాయి. ఆపైన 2014-16లో సముద్రం వేడెక్కింది. బుల్ కెల్ప్ అడవిలో 90 శాతానికి పైగా పోయింది. ఆ ముళ్ల జీవులు తిండి లేకున్నా ఏళ్ల తరబడి బతుకుతాయి, కొత్తగా మొలిచే ప్రతి మొక్కనూ కొరికేస్తాయి. ఆకలితో లోపల డొల్లయిపోయిన వాటిని సముద్రపు నీటికుక్కలు తినవు, జాలర్లు పట్టినా కొనేవాళ్లు ఉండరు. అందుకే అక్కడ ఈతగాళ్లు నీళ్లలోకి దిగి వాటిని చేత్తో ఏరేస్తున్నారు.