ఫోన్ నల్లతెర మీద కిటికీలు కట్టాం!

ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి తొమ్మిది రోజులుందనగా నా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ పోయింది. రిపేర్‌కి అడిగిన రేటు వింటే కొత్తది కొనుక్కోవడమే నయం అనిపించింది. కొనే డబ్బులు మాత్రం లేవు. చేతిలో మిగిలింది పగిలిన గార్డ్‌తో ఒక ఆండ్రాయిడ్ ఫోన్, అందులో టెర్మక్స్ యాప్. ప్రాజెక్ట్ ఏమిటంటే మా హాస్టల్ మెస్ లెక్కల రిజిస్టర్. ఎవరెన్ని పూటలు తిన్నారు, ఎవరెంత కట్టాలి, అంతే.

టెర్మక్స్ తెలియనివాళ్లకి ఒక్క మాట. ఫోన్‌లో లినక్స్ లాంటి కమాండ్ లైన్ ఇచ్చే యాప్ ఇది. ఎఫ్-డ్రాయిడ్ నుంచి దింపుకోవడం మేలు. అందులో పైథాన్ వేసుకుంటే దాంతోపాటే ‘కర్సెస్’ అనే మాడ్యూల్ వస్తుంది. బటన్లు, బొమ్మలు లేని ఆ నల్లతెర మీద డబ్బాలు గీసి, వాటిని విండోలుగా వాడుకోనిచ్చేది ఇదే. నానో ఎడిటర్, హెచ్‌టాప్ లాంటివి చూసే ఉంటారు కదా, వాటి వెనకున్నదీ ఈ కుటుంబమే.

పేరు చూసి ‘శాపాలు’ అనుకోకండి. కర్సర్‌ని పొదుపుగా కదపడం అనే మాట మీద ఆడిన చమత్కారం అది. మొదటి రెండు రోజులు నాకు మాత్రం శాపంలాగే అనిపించింది, అది వేరే సంగతి.

పొదుపు ఎందుకంటే, ఇది 1980 ప్రాంతంలో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పుట్టింది. రాసింది కెన్ ఆర్నాల్డ్. బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్‌లో కర్సర్‌ని కదిపే కోడ్ దీనికి పునాది. రోగ్ అనే గుహల ఆట దీంతోనే ప్రాణం పోసుకుంది. అప్పటి టెర్మినల్ తెర అంటే 24 లైన్లు, 80 కాలమ్‌లు. అంటే 1920 గడులు. 300 బాడ్ లైన్ మీద సెకనుకి సుమారు 30 అక్షరాలే వెళ్లేవి. తెర మొత్తం ఒకసారి నింపాలంటే నిమిషం పైనే! ఆటలో హీరో ఒక్క అడుగు వేసినందుకు నిమిషం ఆగాలంటే ఎవరాడతారు? అందుకే తెర మీద ఇప్పుడేముందో కర్సెస్ గుర్తుపెట్టుకుంటుంది. మీరు కొత్తగా ఏం కావాలన్నారో దాంతో పోల్చి, మారిన గడులే పంపుతుంది. మీరు ఎంత రాసినా ‘రిఫ్రెష్’ అనేవరకు తెర మీద చుక్క కూడా కదలదు.

మనం ఇప్పుడు వాడేది దాని వారసుడు, ఎన్‌కర్సెస్. 1993లో వచ్చింది. థామస్ డిక్కీ అనే ఆయన దశాబ్దాలుగా దాన్ని కాపాడుకొస్తున్నారు.

సరే, నా తిప్పలకొద్దాం. విండో పుట్టించేది ‘న్యూవిన్’. నాలుగు అంకెలు అడుగుతుంది: ఎన్ని లైన్లు, ఎన్ని కాలమ్‌లు, పై నుంచి ఎంత దూరం, ఎడమ నుంచి ఎంత దూరం. స్కూల్లో ముందు ఎక్స్, తర్వాత వై అని నేర్చుకున్నాం కదా, ఇక్కడ తిరగేసి ముందు వై. అది తెలీక అడ్డంగా పరుచుకోవాల్సిన డబ్బా కొబ్బరిచెట్టులా నిలువుగా లేచింది.

అది సరిచేశాక డబ్బా తళుక్కున మెరిసి మాయమైంది. సగం రాత్రి దీనికే పోయింది. విషయమేమిటంటే, మొదలుపెట్టగానే తెరంత పెద్ద విండో ఒకటి దానంతటదే తయారవుతుంది. దాని పేరు స్టాండర్డ్ స్క్రీన్. నేను కీ కోసం ఆగింది దాని మీద. కీ కోసం ఆగేముందు, మార్పులుంటే ఆ విండో తనని తాను రిఫ్రెష్ చేసుకుంటుంది. ఖాళీ పెద్ద విండో వచ్చి నా చిన్న డబ్బాని మింగేసింది. మందు సింపుల్: ముందు పెద్దదాన్ని ఒకసారి రిఫ్రెష్ చేసి, తర్వాత డబ్బా గీసి, కీ కూడా ఆ డబ్బా ద్వారానే అడగాలి.

తర్వాతి గొడవ పాపప్‌ది. ‘డిలీట్ చేయాలా?’ అని అడిగే చిన్న విండో పని అయ్యాక పోవాలి. విండోని తీసేశా, తెర మీద దాని బొమ్మ అలాగే వేలాడుతోంది. కింద ఉన్న పట్టికని రిఫ్రెష్ చేసినా పోలేదు. ఎందుకు పోతుంది? పట్టికలో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి, దాని లెక్కలో పంపడానికేమీ లేదు. ఆనాటి పొదుపు ఈనాడు నాకు అడ్డమొచ్చిందన్నమాట. ‘టచ్‌విన్’ అని పిలిస్తే విండో మొత్తం మారినట్టు భావించి మళ్లీ గీస్తుంది.

రెండు విండోలైతే ఇలా నెట్టుకురావచ్చు. ఐదారు ఒకదానిమీదొకటి పడుతుంటే ప్యానెల్స్ వాడండి. విస్తళ్ల దొంతర అనుకోండి, దేన్ని పైకి తేవాలో, దేన్ని దాచాలో చెప్తే కింద ఏం కనపడాలో అదే చూసుకుంటుంది. ఈ ముక్క నాకు ఏడో రోజు తెలిసింది, ఏం చేస్తాం!

ఇంకో జాగ్రత్త. ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోతే టెర్మినల్‌లో మనం టైప్ చేసేది కనపడదు. ఫోన్ పాడైందని కంగారు పడకండి. కనపడకపోయినా ‘రీసెట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. పైథాన్‌లో ‘రాపర్’ లోపల ప్రోగ్రామ్ నడిపితే ఆ బెడదే ఉండదు.

ఎనిమిదో రోజు రాత్రి రూమ్‌మేట్ చూస్తానని తీసుకున్నాడు. తెర మీద వేలు పెట్టగానే కీబోర్డ్ పైకి లేచింది, ప్రోగ్రామ్ ఢామ్మంది. ‘ఏంట్రా, ముట్టుకుంటే పోతోంది?’ అన్నాడు. నిజంగా చెమటలు పట్టాయి. లెక్క వేస్తే దొరికింది. 14 లైన్ల డబ్బాని తెర మధ్యలో పెట్టడానికి మొత్తం లైన్లలోంచి 14 తీసేసి సగం చేస్తున్నా. తెర 30 లైన్లుంటే 8, బాగానే ఉంది. కీబోర్డ్ లేచాక మిగిలేది 12. సగం చేస్తే మైనస్ 1. ఎక్కడ మొదలవ్వాలో మైనస్‌లో చెప్తే న్యూవిన్ ఒప్పుకోదు. ల్యాప్‌టాప్ మీద చేసుంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదేమో. తెర సైజు మారినప్పుడల్లా ఎన్‌కర్సెస్ ‘రీసైజ్’ అనే కీ నొక్కినట్టు కబురు పంపుతుంది. అది రాగానే కొత్త కొలతలు అడిగి, డబ్బాలన్నీ మళ్లీ లెక్కగట్టి గీయించా. తెల్లవారుజామున నాలుగైంది.

వైవాలో సార్ ఫోన్ చేతిలోకి తీసుకుని మొదట చేసిన పని తెర మీద నొక్కడమే. కీబోర్డ్ లేచింది. పట్టిక కుంచించుకుని పైకి సర్దుకుంది. మళ్లీ మూసేశారు, మధ్యలోకి వచ్చింది. ఇంకోసారి నొక్కి చూశారు.

తర్వాత పేర్ల పక్కన డబ్బుల కాలమ్ వంకరగా ఉందేమని అడిగారు. పేర్లు తెలుగులో పెట్టాను మరి. ‘తెలుగు’ అనే మాట మనకి మూడక్షరాలు, పైథాన్ లెక్కలో ఆరు. గుణింతం గుర్తుల్ని కూడా విడిగా లెక్కపెడుతుంది, తెర మీద గడులేమో ఇంకో లెక్క. అందుకే ఒక్కో పేరు దగ్గర గీత ఒక్కో చోటికి జరిగింది. అదే చెప్పాను. రెండు మార్కులు తగ్గించారు గానీ, ఆ మెస్ రిజిస్టర్ మాత్రం ఇప్పటికీ అదే ఫోన్‌లో నడుస్తోంది. పేర్లు ఇంగ్లిష్‌లోకి మార్చమన్నారు, మార్చలేదు. వచ్చే సెలవుల్లో ఆ గడుల లెక్క తేలుస్తా.